లారీ వెనక చిక్కుకున్న హెచ్చరిక: మిశ్రమ రద్దీ రహదారిపై రోడ్డు పక్క రేడియో యూనిట్ల ప్రణాళిక, ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసులోని రహదారి కోస్తా మైదానంలో వరిపొలాల మధ్య నుంచి పోయే నాలుగు వరుసల జాతీయ రహదారిలో ఒక భాగం. ఊళ్ల పేర్లు, కిలోమీటరు రాళ్ల అంకెలు, గుత్తేదారు ఎవరు, పరికరాలు ఎవరు సరఫరా చేశారు అన్నవి వదిలేశాను. రేడియో లెక్కకు, నిర్ణయాల వెనక ఉన్న తర్కానికి అవసరమైన కొలతలను మాత్రం ఉంచాను. రహదారికి రెండు వైపులా ఊళ్లున్నాయి. సర్వీస్ రోడ్డు కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల అర్ధాంతరంగా ఆగిపోయింది. అందువల్ల ఊరి నుంచి పొలానికి, పొలం నుంచి మిల్లుకు వెళ్లే బండ్లన్నీ డివైడర్‌లో వదిలిన గ్యాపుల దగ్గరే రహదారిని దాటాలి. కంటైనర్లు, టిప్పర్లు, బస్సులు, కార్లు, షేర్ ఆటోలు, మోటారు సైకిళ్లు, తొట్టి తగిలించిన ట్రాక్టర్లు, సాయంత్రమైతే ఇంటిదారి పట్టిన గేదెలు, అన్నీ ఒకే తారు మీద వేర్వేరు వేగాలతో నడుస్తాయి.

ఈ రహదారిపై వాహనాలకు రేడియో ద్వారా హెచ్చరికలు పంపే ప్రయోగాత్మక వ్యవస్థను ఏర్పాటు చేయాలని సంబంధిత అధికారులు నిర్ణయించారు. కొన్ని ప్రజా రవాణా బస్సులకు, హైవే పెట్రోలింగ్ వాహనాలకు, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన యజమానుల లారీలకు ఈ సందేశాలను అందుకునే లోపలి రేడియో యూనిట్లు బిగించారు. రోడ్డు పక్క స్తంభాల మీద మేము ఆర్‌ఎస్‌యూలని పిలిచే రేడియో యూనిట్లు ఉంటాయి. ఇవి 5.9 గిగాహెర్ట్జ్ పట్టీలో పనిచేస్తాయి కాబట్టి కేంద్ర టెలికం శాఖ నుంచి ప్రయోగాత్మక లైసెన్సు తీసుకున్నారు. ముందున్న గ్యాపులో బండి దాటబోతోందని, రాంగ్ రూట్లో వాహనం వస్తోందని, వరుసలో బండి ఆగిపోయి ఉందని చెప్పడం ఈ వ్యవస్థ ప్రధాన విధులు.

అంతకుముందే తయారైన ప్రణాళికను సమీక్షించడానికి నన్ను పిలిచారు. ఆ ప్రణాళికలో అర కిలోమీటరుకు ఒక ఆర్‌ఎస్‌యూ చొప్పున, ఉన్న వీధిదీపాల స్తంభాలకే, సుమారు 6 మీటర్ల ఎత్తున బిగించాలని ఉంది. పటం మీద ఒక్కో యూనిట్ చుట్టూ 300 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తాలు గీశారు. వృత్తాలు ఒకదానితో ఒకటి కలిసి, రహదారి మొత్తం రంగుతో నిండిపోయి, చూడటానికి లోపం లేనట్టే ఉంది.

ఎదురైన సమస్య

కొద్ది భాగంలో యూనిట్లు బిగించాక తెల్లవారుజామున చేసిన పరీక్షలన్నీ సవ్యంగా జరిగాయి. పరీక్ష కారుకు ప్రతి యూనిట్ నుంచీ 300 మీటర్లకు ముందే సందేశాలు అందాయి. పగటి రద్దీలో మాత్రం అదే కారుకు, అదే స్తంభం నుంచి, కొన్నిసార్లు గ్యాపు దాటేదాకా ఒక్క సందేశమూ చేరలేదు. పరికరం నాసిరకమని ఒక వర్గం, ఉష్ణోగ్రత ఎక్కువై వేడెక్కుతోందని మరో వర్గం అభిప్రాయపడ్డాయి. ప్రసార శక్తి పెంచితే సరిపోతుందని సరఫరాదారు సూచించాడు.

ఏదైనా మార్చే ముందు నమోదులను రెండు రకాలుగా విడదీయమని కోరాను. దూరాన్ని బట్టి చూస్తే సందేశాల నష్టానికి స్పష్టమైన క్రమమేమీ కనిపించలేదు. అదే కారు ముందు అద్దానికి బిగించిన కెమెరా దృశ్యాలతో పోల్చి చూసినప్పుడు, సందేశాలు ఆగిపోయిన ప్రతి సాగిన విరామంలోనూ కారు ముందు కంటైనరో, పైదాకా గడ్డి ఎత్తిన ట్రాక్టరో ఉంది. వేడి కారణమైతే మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీదా నష్టం కనిపించాలి, అది కనిపించలేదు. పరికరం దోషమైతే తెల్లవారుజామున కూడా ఏదో ఒక ఛాయ ఉండాలి. కాబట్టి అడ్డు వచ్చింది వాహనమేనన్న ఊహతో లెక్క మొదలుపెట్టాము.

5.9 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. ఇంత పొట్టి తరంగం లారీ లాంటి పెద్ద ఇనుప పెట్టె అంచున పెద్దగా వంగదు. స్తంభం మీద యాంటెన్నా 6 మీటర్ల ఎత్తున, కారు యాంటెన్నా 1.5 మీటర్ల ఎత్తున, రెంటి మధ్య దూరం 200 మీటర్లు అనుకుందాం. కారుకు 10 మీటర్ల ముందు 4 మీటర్ల ఎత్తున్న కంటైనర్ ఉంటే, స్తంభం నుంచి కారుకు గీసిన సరళరేఖ ఆ చోట కేవలం 1.7 మీటర్ల ఎత్తున పోతుంది. కంటైనర్ దానికి 2.3 మీటర్లు పైకి నిలబడి ఉంటుంది. అడ్డు అంచున తరంగం ఎంత వంగి అవతలికి చేరుతుందో చెప్పే కత్తి అంచు వివర్తన సూత్రంతో లెక్కిస్తే సిగ్నల్ నష్టం 26 డెసిబెల్‌ల దాకా వస్తుంది. అడ్డులేని ఆవరణలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు తగ్గుతాయి కనుక, 26 డెసిబెల్‌ల నష్టమంటే 200 మీటర్ల దూరంలోని కారు రేడియో లెక్కలో 4 కిలోమీటర్ల దూరానికి వెళ్లిపోయినట్టే. పటం మీది వృత్తాలు ఖాళీ రోడ్డుకు గీసినవి. ఆ రహదారి ఖాళీగా ఉండేది ప్రమాదాలు తక్కువగా జరిగే వేళల్లోనే.

ప్రయత్నించి వదిలేసినవి

మొదట సరఫరాదారు సూచననే పరిశీలించాము. లైసెన్సు షరతుల్లో పెంచగలిగే శక్తి కొద్ది డెసిబెల్‌లే, అది 26కు ఏ మూలకూ చాలదు. శక్తికి బదులు ఎక్కువ లబ్ధి (గెయిన్, అంటే ఉన్న శక్తినే ఒక దిశలో కేంద్రీకరించే గుణం) గల యాంటెన్నా పెట్టడం రెండో సూచన. ఇలాంటి యాంటెన్నా లబ్ధిని సంపాదించేదే నిలువు దిశలో పుంజాన్ని సన్నగిల్లజేసి. దూరాన వెలుగు పెరుగుతుంది, స్తంభం కింద చీకటి పడుతుంది. ఒకచోట అమర్చి చూశాము. లారీ వెనక పరిస్థితి పెద్దగా మారకపోగా, అప్పటిదాకా స్తంభం దగ్గరికొచ్చేసరికి ఎలాగో అందుతున్న సందేశాలు కూడా తగ్గాయి. దాన్ని తీసేశాము. అయితే లారీ నీడలో ఉన్న కారుకు సందేశం అందే అవకాశం స్తంభం సమీపంలోనే ఉందని ఆ పరీక్ష చెప్పకనే చెప్పింది. తర్వాతి నిర్ణయానికి దారి అక్కడే దొరికింది.

ఎత్తు పెంచడం మరో మార్గం. హైమాస్ట్ దీపాల స్తంభాల మీద 12 మీటర్ల దగ్గర బిగిస్తే ఎలా ఉంటుందని అడిగారు. జ్యామితి నిర్దాక్షిణ్యమైనది. కారుకు 10 మీటర్ల ముందు కంటైనర్ ఉన్నప్పుడు రేఖ 10 మీటర్లలో 2.5 మీటర్లు లేవాలి. యాంటెన్నా 6 మీటర్ల ఎత్తున ఉంటే స్తంభానికి 18 మీటర్లలోపు, 8 మీటర్ల ఎత్తున ఉంటే 26 మీటర్లలోపు, 12 మీటర్ల ఎత్తున ఉంటే 42 మీటర్లలోపు వచ్చాకే కారు నీడ నుంచి బయటపడుతుంది. ఎత్తు రెట్టింపు చేసినా 200 మీటర్ల దూరానికి ప్రయోజనం లేదు. పైగా హైమాస్ట్ మీద యూనిట్ పాడైతే బాగుచేయడానికి ప్రత్యేక వాహనం, ట్రాఫిక్ మళ్లింపు కావాలి.

వాహనం నుంచి వాహనానికి సందేశం అందించుకుంటే లారీ అడ్డు సమస్యే ఉండదు కదా అన్న వాదన కూడా వచ్చింది. సిద్ధాంతపరంగా అది నిజమే. ముందున్న లారీయే సందేశాన్ని వెనక్కి అందించగలదు. అయితే నూటికి 5 వాహనాల్లో మాత్రమే రేడియో ఉందనుకుంటే, ఎదురుపడ్డ రెండు వాహనాల్లోనూ రేడియో ఉండే అవకాశం 400లో ఒకటి. ఒక చివర రోడ్డు పక్క యూనిట్ ఉంటే ఆ అవకాశం 20లో ఒకటికి చేరుతుంది. రేడియో ఉన్న బండ్లు తక్కువగా ఉన్నంత కాలం రోడ్డు పక్క మౌలిక వసతుల అవసరం ఈ రెండు అంకెల తేడాలోనే ఉంది.

ఇక్కడొక పక్క సమస్యను కూడా చెప్పాలి, ఎందుకంటే మొదటి కొలతలను ఇది కలుషితం చేసింది. ఒక స్తంభం దగ్గర లారీ లేకపోయినా సందేశాలు తడబడేవి. అదే స్తంభానికి, ఆర్‌ఎస్‌యూ యాంటెన్నాకు చేతికందేంత దూరంలో, సీసీటీవీ దృశ్యాలను పంపే 5.8 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి బిగించి ఉంది. మన దేశంలో 5.875 గిగాహెర్ట్జ్ వరకూ ఉన్న పట్టీకి 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి దాన్ని పెట్టినవారు నియమం తప్పలేదు. పక్క పట్టీ అయినా అంత దగ్గర నుంచి వస్తే గ్రాహకం చెవుడెక్కుతుంది. కెమెరాను ఫైబర్‌కు మార్చి బ్రిడ్జిని తీసేయడంతో ఆ ఒక్క స్తంభం కుదుటపడింది. అప్పటి నుంచి స్థల పరిశీలన పత్రంలో, స్తంభం మీద ఇప్పటికే ఏమేమి బిగించి ఉన్నాయో ఫొటోతో సహా రాయాలన్న గడి చేర్చాము.

నిర్ణయం మారిన చోటు

అప్పటిదాకా అందరం అడుగుతున్నది ఒకటే: రహదారిలో ఎంత భాగానికి సిగ్నల్ అందుతుంది? దాన్ని పక్కనపెట్టి, ఒక్కో గ్యాపు దగ్గర నిలబడి వెనక్కి లెక్కించడం మొదలుపెట్టాము. 80 కిలోమీటర్ల వేగానికి భారత రోడ్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఆగడానికి కావలసిన దృష్టి దూరం 120 మీటర్లు. డ్రైవరు హెచ్చరిక విని, చూసి, అర్థం చేసుకోవడానికి మరో 3 సెకన్లు ఇస్తే ఇంకో 67 మీటర్లు. అంటే సుమారు 190 మీటర్లు. 100 కిలోమీటర్ల వేగానికి 180 మీటర్లు, దానికి 83 కలిపితే 263. కాబట్టి సందేశం గ్యాపుకు 200 నుంచి 270 మీటర్ల ముందే డ్రైవరుకు చేరి తీరాలి. గ్యాపు దగ్గర పెట్టిన యూనిట్ సరిగ్గా ఆ దూరంలోనే లారీ నీడకు లొంగిపోతోంది.

ఆ లెక్క ముందు పెట్టుకున్నాక జవాబు దాదాపు తనంత తానే వచ్చింది. మాట్లాడే యూనిట్ ప్రమాదం ఉన్నచోట ఉండనక్కర్లేదు. వినవలసిన బండి ఏ చోట వినాలో అక్కడ ఉండాలి. గ్యాపుకు సుమారు 270 మీటర్ల ముందు, 8 మీటర్ల ఎత్తున యూనిట్ పెడితే, వచ్చే ప్రతి బండీ దాని కిందుగా పోక తప్పదు. కంటైనర్‌కు 10 మీటర్ల వెనక అంటుకుని పోతున్న కారు కూడా స్తంభానికి 26 మీటర్ల దూరం నుంచి నీడ బయట ఉంటుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఆ 26 మీటర్లు దాటడానికి 1.2 సెకన్లు పడుతుంది. సెకనుకు 10 సార్లు ప్రసారం చేసే యూనిట్‌కు అది 11 అవకాశాలు. బస్సు యాంటెన్నా కప్పు మీద 3 మీటర్ల ఎత్తున ఉంటుంది కనుక దానికి సందేశం అందే పరిధి 50 మీటర్లకు విస్తరిస్తుంది. ఒక్క సందేశం పూర్తిగా అందినా చాలు కాబట్టి ఇది సరిపోతుందని తేల్చాము. నిలువు పుంజం వెడల్పుగా ఉండే తక్కువ లబ్ధి యాంటెన్నాను ఎంచుకోవడానికీ కారణం ఇదే. దూరం మనకు అక్కర్లేదు, స్తంభం పాదం దగ్గర బలం కావాలి.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది, దాని మీద చాలా సేపు చర్చ జరిగింది. 80 కిలోమీటర్ల వేగంలో 270 మీటర్లు దాటడానికి 12 సెకన్లు పడుతుంది. ముందున్న స్తంభం కింద "గ్యాపులో మోటారు సైకిల్ ఉంది" అని విన్న డ్రైవరు అక్కడికి చేరేసరికి ఆ మోటారు సైకిల్ దాటి వెళ్లిపోయి ఉండవచ్చు, లేదా ఇంకొకటి వచ్చి ఉండవచ్చు. ఢీకొనే అవకాశాన్ని క్షణక్షణం లెక్కగట్టే సందేశాన్ని అంత ముందుగా పంపితే అది అబద్ధమవుతుంది. నాలుగుసార్లు అబద్ధమైన హెచ్చరికను అయిదోసారి ఏ డ్రైవరూ పట్టించుకోడు. అందుకే సందేశాలను రెండుగా విడగొట్టాము. ముందున్న యూనిట్ స్థితిని మాత్రమే చెబుతుంది: గ్యాపులో దాటే బండ్లు ఉన్నాయి, వేగం తగ్గించండి. వాహనాల కచ్చితమైన స్థానాలు, వేగాలు గ్యాపు దగ్గరి రెండో యూనిట్ నుంచి వస్తాయి. అవి నీడ లేనివారికే అందుతాయి, కానీ అప్పటికే వేగం తగ్గించుకోమన్న మాట అందరికీ చేరి ఉంటుంది.

యూనిట్ల మొత్తం సంఖ్య పాత ప్రణాళిక కంటే పెరగలేదు. గ్యాపులు లేని సాఫీ భాగాల్లో వాటిని పూర్తిగా తీసేశాము. ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో ఐ-80 రహదారిపై 402 మైళ్ల పొడవునా సుమారు 75 యూనిట్లే పెట్టి, గాలులు, మంచు, ప్రమాదాలు ఎక్కువగా ఉన్న చోట్లను ఎంచుకున్నారు. అక్కడి ట్రక్కుల రహదారికీ మన రహదారికీ పోలిక తక్కువే అయినా, రహదారంతా రంగు వేయాలన్న పట్టుదల అక్కర్లేదని అధికారులను ఒప్పించడానికి ఆ ఉదాహరణ ఉపయోగపడింది.

రేడియో లేనివారి సంగతి

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు, దాదాపు 19.5 శాతం పాదచారులు. వీళ్లెవరి దగ్గరా రేడియో యూనిట్ లేదు, సమీప కాలంలో ఉండబోదు కూడా. కాబట్టి ఆర్‌ఎస్‌యూ వీళ్లను చూడాలి, వీళ్ల తరఫున మాట్లాడాలి. గ్యాపు దగ్గర కెమెరాతో పాటు రాడార్ పెట్టాము. రాత్రిపూట వెనక దీపాలు లేని ట్రాక్టర్ తొట్టిని కెమెరా పసిగట్టలేదు, రాడార్ పట్టుకుంటుంది. అది మనిషో, గేదో, బండో చెప్పడం కెమెరాకే సాధ్యం.

గుర్తించే భాగం మొదట్లో ఒక విచిత్రమైన తీరులో విఫలమైంది. రాంగ్ రూట్లో వచ్చే మోటారు సైకిళ్లు కెమెరా తెర మీద స్పష్టంగా కనిపిస్తున్నా, బయటికి వెళ్లే సందేశాల్లో ఒక్కటీ ఉండేది కాదు. వెతికితే, కనిపించిన ప్రతి వస్తువునూ రహదారి పటంలోని ఏదో ఒక వరుసకు, ఆ వరుస దిశకు జత చేసి, జత కుదరనివాటిని కొలత దోషంగా భావించి పారేసే వడపోత సాఫ్ట్‌వేర్‌లో ఉందని తేలింది. వరుసల క్రమశిక్షణ ఉన్న రోడ్ల కోసం రాసిన వడపోత అది. మా రహదారి మీద అది సరిగ్గా అత్యంత ప్రమాదకరమైన బండినే తీసేస్తోంది. దిశ కుదరకపోవడాన్ని దోషంగా కాక, ప్రత్యేక సంఘటనగా నమోదు చేసేలా మార్పించాము. దాంతో తప్పుడు హెచ్చరికలు కొంత పెరిగాయి. వస్తువు వరుసగా కొన్ని ఫ్రేముల్లో, రాడార్ కెమెరా రెంటిలోనూ కనిపిస్తేనే రాంగ్ రూట్ సందేశం పంపాలన్న షరతుతో వాటిని అదుపులోకి తెచ్చాము.

ముందున్న స్తంభానికి రేడియోతో పాటు పసుపు పచ్చని మెరుపు దీపాన్ని కూడా బిగించాలని పట్టుబట్టాను. అదే గుర్తింపు వ్యవస్థ దాన్ని వెలిగిస్తుంది. ఖర్చు స్వల్పం, రేడియో లేని నూటికి 95 మందికీ మొదటి రోజు నుంచే పనికొస్తుంది. ఇది రేడియో ప్రాజెక్టు కదా, దీపం ఎందుకని అడిగినవారున్నారు. వారితో వాదనకు అంకెలు అక్కర్లేకపోయింది. ఆ రోడ్డు మీద పది నిమిషాలు నిలబడితే చాలు.

గుర్తించే పరికరం పనిచేయకపోతే ఏం చేయాలన్నదీ ముందే తేల్చుకోవలసి వచ్చింది. రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ ఫైబర్‌ను తెంపడం అక్కడ మామూలు విషయం. దీపం ఆరిపోతే "గ్యాపు ఖాళీ" అని డ్రైవరు అర్థం చేసుకుంటాడు. అందుకని ఫైబర్ తెగినప్పుడు దీపం నిరంతరం నెమ్మదిగా మెరుస్తూ ఉండాలని, రేడియో మాత్రం గ్యాపు ఉందన్న స్థిరమైన సమాచారానికే పరిమితమై, వాహనాల గురించి ఏమీ చెప్పకూడదని నిర్ణయించాము. ఈ రెండు ప్రవర్తనలూ కేంద్రం నుంచి ఆదేశం లేకుండా స్తంభం దగ్గరే అమలు కావాలి.

ఫలితం, మిగిలినవి

నిండు రద్దీలో, కావాలని కంటైనర్ వెనక నడిపిన పరీక్ష వాహనాలకు ముందు స్తంభాల దగ్గర సందేశాలు నిలకడగా అందాయి. పాత అమరికలో ఇది జరగలేదు. ప్రమాదాలు తగ్గాయని ఈ కేసు ఆధారంగా చెప్పడం సరికాదు. భాగం చిన్నది, కాలం కొద్దిది.

తర్వాతి టెండరు పత్రంలో మేము మార్చినవి ముఖ్యంగా రెండు. అంగీకార పరీక్షను ఖాళీ రోడ్డు మీద చేయకూడదు. 4 మీటర్ల ఎత్తున్న వాహనానికి 10 మీటర్ల వెనక నడుస్తున్న కారులో, గ్యాపుకు 200 మీటర్ల ముందే సందేశం అందితేనే బిల్లు చెల్లించాలి. రెండోది డబ్బు ఎక్కడ పెట్టాలన్నది. అమెరికాలో 1999లో ఈ అవసరానికి కేటాయించిన 75 మెగాహెర్ట్జ్ పట్టీని 2020లో 30కి కుదించి, సాంకేతికతనూ మార్చాలని నిర్ణయించారు. అప్పటికే బిగించిన యూనిట్లు ఎన్నో పాతబడ్డాయి. స్తంభం, పునాది, విద్యుత్తు, ఫైబర్, రాడార్, దీపం ఏ రేడియో వచ్చినా పనికొస్తాయి. అందుకే రేడియోను విప్పి మార్చగలిగే విడి పెట్టెగా కొనాలని, మిగతావాటిలో నాణ్యతకు రాజీపడకూడదని రాశాము.

ఒక గ్యాపు దగ్గర మాత్రం ఈ అమరిక కుదరలేదు. దానికి 270 మీటర్ల ముందు కాలువ వంతెన ఉంది, స్తంభానికి పునాది వేసే చోటు లేదు. వంతెన దాటాక పెడితే దూరం చాలదు. కోతల కాలంలో అక్కడే ఎడమ వరుసలో వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. నేలను అంటుకుని పరిచిన వడ్లను రాడారూ గుర్తించదు, కెమెరాకూ అది తారు మీద రంగు తేడా మాత్రమే. ఆ గ్యాపును మూసి, తర్వాతి గ్యాపుదాకా సర్వీస్ రోడ్డును పొడిగించాలని, ఊరికి దగ్గర్లో వడ్లు ఆరబోసుకునే కళ్లం ఏర్పాటు చేయాలని సిఫారసు చేశాము. ఆ ప్రతిపాదన రహదారి అధికారుల దగ్గర, పంచాయతీ దగ్గర ఉంది.